టైసన్ ని పడగొట్టింది డగ్లస్ కాదు

పోయిన వారం ఆఫీసులో టీ తాగుతూ ఒక వాదన పెట్టుకున్నాం. మా టీమ్ లో కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు, వాడికి బాక్సింగ్ పిచ్చి. టైసన్ టోక్యోలో ఓడిపోయేనాటికి వాడింకా పుట్టనేలేదు. అయినా యూట్యూబ్ పుణ్యమా అని పాత ఫైట్లన్నీ వాడికి కంఠతా వచ్చు. ఉన్నట్టుండి, "అన్నా, కస్ డమాటో ఇంకో పదేళ్ళు బతికుంటే టైసన్ ఓడేవాడూ కాదు, జైలుకి పోయేవాడూ కాదు" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. గురువు పోయాడు, శిష్యుడు చెడ్డాడు, అంతే కథ.

ఒకప్పుడు నేనూ ఈ మాట అన్నవాణ్ణే. వినడానికి బాగుంటుంది కూడా. కానీ ఈమధ్య ఎవరైనా ఈ మాటంటే ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే ఇది తేదీలకి అతకని కథ. పైగా తప్పు చేసినవాళ్ళందరినీ ఒక్క చావు పేరుతో తప్పించేసే కథ. కాస్త పెద్ద టపా అవుతుంది, ఓపిక పట్టండి.

తెలియనివాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. కస్ డమాటో 1908లో పుట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్స్ కిల్ అనే చిన్న ఊళ్ళో, పోలీస్ స్టేషన్ పై అంతస్తులో ఆయన జిమ్ ఉండేది. అప్పటికే ఇద్దరు ఛాంపియన్లని తయారు చేసినవాడు. ఒకడు ఫ్లాయిడ్ ప్యాటర్సన్, 1956లో 21 ఏళ్ళకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. రెండోవాడు హోసే టోరెస్, 1965లో లైట్ హెవీవెయిట్ గెలిచాడు. 1980లో, బాలనేరస్థుల స్కూల్లో ఉన్న 13 ఏళ్ళ మైక్ టైసన్ ని, అక్కడ పనిచేసే బాబీ స్టూవర్ట్ అనే మాజీ బాక్సర్ ఈయన దగ్గరికి తీసుకొచ్చాడు. ముసలాయన వాణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు, తల్లి చనిపోయాక చట్టరీత్యా సంరక్షకుడయ్యాడు. రెండు చేతులూ చెంపలకి ఆనించి, తల అటూ ఇటూ ఊపుతూ, ఎదుటివాడి దెబ్బ కింద నుంచి దూరి కొట్టే పద్ధతి నేర్పాడు. 1985 నవంబర్ 4న చనిపోయాడు. 1986 నవంబర్ 22న టైసన్ ట్రెవర్ బెర్బిక్ ని రెండో రౌండులో పడగొట్టి, 20 ఏళ్ళ వయసులో, అందరికన్నా చిన్న హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

చూసారా? ఛాంపియన్ అయ్యేనాటికే గురువు పోయి ఏడాది దాటింది!

ఇక లెక్క చూద్దాం. టైసన్ ప్రొఫెషనల్ గా మొదటి ఫైట్ చేసింది 1985 మార్చిలో. కస్ బతికుండగా చేసినవి 11. కస్ పోయాక, 1988 జూన్ 27న మైకేల్ స్పింక్స్ ని 91 సెకన్లలో పడగొట్టేదాకా ఇంకో 24. మొత్తం 35, అన్నీ గెలుపులే. ఆ 35 ఫైట్లలోనూ మూలన నిలబడి టైసన్ ని నడిపింది కెవిన్ రూనీ అనే మనిషి. కస్ దగ్గరే బాక్సింగ్ నేర్చుకుని, కస్ పెట్టిన పద్ధతిని తుచ తప్పకుండా నడిపినవాడు. 1988 చివర్లో టైసన్ అతన్ని తీసేశాడు. ఆ తర్వాత రెండు గెలుపులు, మూడోది టోక్యో. 1990 ఫిబ్రవరి 11న, 42కి 1 చొప్పున పందెం పలికిన బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండులో నాకౌట్.

అంటే కస్ లేకుండా టైసన్ రెండున్నరేళ్ళు ఓడిపోలేదు. ఓడకపోవడం ఒక్కటే కాదు, తన జీవితంలో అందరికన్నా గొప్పగా ఆడిన కాలం అదే. రూనీ లేకుండా ఏడాదిన్నర కూడా ఆగలేకపోయాడు. మరి "కస్ ఉండుంటే" అని నిట్టూర్చేవాళ్ళు "రూనీ ఉండుంటే" అని ఎందుకనరు? రూనీ తెల్లజుట్టు వేదాంతి కాదు కాబట్టి. భయం గురించి, ధైర్యం గురించి పుస్తకాల్లో వేసుకునే మాటలు చెప్పలేదు కాబట్టి. రోజూ పొద్దున్నే జిమ్ కొచ్చి "తల కదుపు, తల కదుపు" అని విసిగించే మనిషి మీద ఎవడు సినిమా తీస్తాడు!

ఆ విసుగే అసలు విద్య అని నా వాదన. కస్ పద్ధతిలో ప్రతి పంచ్ కీ ఒక నంబరుండేది. ట్రైనర్ వరసగా నంబర్లు అరుస్తుంటే బాక్సర్ ఆలోచించకుండా ఆ వరసలో కొట్టాలి. కొట్టిన చోటే నిలబడకుండా పక్కకి జరగాలి. లోపలికెళ్ళే ముందు తల ఊపాలి. ఇది ఒకసారి నేర్చుకుంటే సైకిల్ తొక్కడంలా ఉండిపోయే విద్య కాదు. పొట్టివాడు పొడుగువాడితో ఆడటానికి పుట్టిన పద్ధతి ఇది, ఒళ్ళు హూనమయ్యే పని. నాలుగు నెలలు ఎవరూ అడక్కపోతే ఒళ్ళు దానంతటదే సుఖానికి అలవాటు పడుతుంది. స్పింక్స్ ఫైటూ, డగ్లస్ ఫైటూ పక్కపక్కన పెట్టి చూడండి. టోక్యోలో టైసన్ తల ఒకే చోట ఉంటుంది. రెండు మూడు పంచ్ ల వరస పోయింది, ఒక్క దెబ్బతో పడిపోతాడులే అన్నట్టు విడివిడిగా విసురుతాడు. నిటారుగా డగ్లస్ పొడుగుచేతుల్లోకి నడిచెళ్ళి, వాడి జాబ్ ని ముఖంతో ఆపుతాడు.

అసలు టోక్యో కంటే ముందే సూచనలు కనపడ్డాయి. 1989 ఫిబ్రవరిలో ఫ్రాంక్ బ్రూనోని ఐదో రౌండులో ఓడించాడు గానీ, మొదటి రౌండులోనే బ్రూనో ఎడమచేతి దెబ్బకి తూలాడు. టోక్యోలో ఫైట్ కి ముందు స్పారింగ్ లో గ్రెగ్ పేజ్ ఏకంగా కింద పడేశాడు. అది చూసి పద్ధతి మార్చినవాడు లేడు. గెలుస్తున్నాడు కదా, మళ్ళీ అడగడమెందుకు!

ఆరోజు టైసన్ మూలన ఉన్నది ఆరన్ స్నోవెల్, జే బ్రైట్. ఎడమకన్ను వాచి మూసుకుపోతుంటే, వాపు అణచడానికి వాడే చల్లటి చిన్న లోహపు దిమ్మె కూడా వాళ్ళ దగ్గర లేదు. రబ్బరు తొడుగులో ఐసు నీళ్ళు నింపి కంటి మీద పెట్టారు. ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ కి! ఆ దిమ్మె ఉంటే గెలిచేవాడని అనట్లేదు. అది తీసుకెళ్ళాలని కూడా ఎవరికీ తోచలేదంటే, ఈరోజు దెబ్బలు తగుల్తాయన్న ఆలోచనే అక్కడ ఎవరికీ లేదని అర్థం. ఛాంపియన్ కి చెమట పట్టదని ఛాంపియన్ అనుకోవచ్చు. మూలన ఉన్నవాళ్ళు కూడా అదే నమ్మితే ఇక వాళ్ళెందుకు?

రూనీని తీసేసిన తీరు కూడా వినండి. 1982లో కస్, రూనీ, టైసన్ ముగ్గురి మధ్యా ఒక నోటిమాట ఒప్పందం ఉందని రూనీ కోర్టుకెక్కాడు. కుర్రాడు ప్రొఫెషనల్ అయ్యేదాకా జీతం లేకుండా నేర్పాలి, ఆ తర్వాత ఆడినన్నాళ్ళూ ఇతనే ట్రైనర్, సంపాదనలో పది శాతం. ఉద్యోగం పోయిందన్న సంగతి రూనీకి తెలిసింది పేపర్లో చదివి! 1996లో జ్యూరీ సుమారు 44 లక్షల డాలర్లు ఇమ్మంది. ఆ తీర్పు మీద పై కోర్టుల్లో నలిగాక, "ఆడినన్నాళ్ళూ" అనేది కూడా ఒక నిర్దిష్టమైన గడువే అవుతుందని 1998లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. నాకు ఇందులో డబ్బు కంటే ఆ షరతు ఆసక్తిగా అనిపిస్తుంది. ఆడినన్నాళ్ళూ తీసెయ్యకూడదు. దాని ఫలితమేంటో కస్ కి తెలుసనే నేననుకుంటాను. ఉద్యోగం పోతుందన్న భయం లేనివాడే ఛాంపియన్ తో "కాదు" అనగలడు.

అయితే ఇక్కడే నేను కస్ అభిమానులతో అసలు పోట్లాట పెట్టుకునేది. "కాదు" అని ముందు అనాల్సింది కస్సే. అనలేదు.

రూనీ కంటే ముందు టైసన్ కి నేర్పింది టెడీ అట్లాస్ అనే పాతికేళ్ళ కుర్రాడు. టైసన్ స్కూల్లో గొడవ చేస్తే జిమ్ కి రానివ్వకూడదని అట్లాస్ అనేవాడట, కస్ దాన్ని పక్కన పెట్టేవాడట. 1982లో టైసన్ తన బంధువుల చిన్నపిల్లతో అసభ్యంగా ప్రవర్తించాడని, తాను వెళ్ళి టైసన్ చెవి దగ్గర తుపాకీ పెట్టి బెదిరించానని అట్లాస్ స్వయంగా చెప్పుకున్నాడు. తుపాకీ పెట్టడం నేను సమర్థించను, ఆ వయసు పిల్లవాడికి అలా నేర్పరు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. క్యాట్స్ కిల్ నుంచి బయటికెళ్ళింది అట్లాస్. టైసన్ అక్కడే ఉన్నాడు.

డెబ్భై దాటిన మనిషి, మూడో ఛాంపియన్ కోసం ఎదురు చూస్తున్నాడు, ఎన్నేళ్ళు బతుకుతాడో తెలీదు. నాకు ఆయన మీద జాలి కూడా ఉంది. ఆ కుర్రాడికి అన్నం పెట్టి, కొడుకులా చూసుకున్న మాట నిజమే. కానీ బరిలో తల అంగుళం తప్పు జరిగితే ఊరుకోని మనిషి, బరి బయట ఎంత తప్పు జరిగినా సర్దుకున్నాడు. దాంతో ఆ పిల్లవాడికి ఒక పాఠం అందింది. నువ్వు గెలుస్తున్నన్నాళ్ళూ నీ బదులు ఇంకెవడో వెళ్ళిపోతాడు అని. ఆరేళ్ళ తర్వాత రూనీని పంపేసినప్పుడు టైసన్ ఆ పాఠాన్నే అప్పజెప్పాడు. డాన్ కింగ్ అనే ప్రమోటర్ వచ్చి చెడగొట్టాడంటారు. చెడగొట్టాడు, కాదనను. మొక్కగా ఉన్నప్పుడు వంచకుండా వదిలేసినవాడి సంగతేంటి మరి?

1992లో ఇండియానాపొలిస్ లో జ్యూరీ టైసన్ ని అత్యాచారం కేసులో దోషి అంది, మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆ నేరం టైసన్ ది. ట్రైనర్ ఉండుంటే జరిగేది కాదనడం ఆ అమ్మాయికి అవమానం. పాతికేళ్ళ మగవాడు చేసిన దానికి, ఆరేళ్ళ కిందట పోయిన ముసలాయన లేకపోవడం కారణమా? మా కుర్రాడి మాటలో నాకు అన్నిటికన్నా నచ్చనిది ఇదే.

ఇక వేరే ట్రైనర్ల సంగతి. 1975 అక్టోబర్ 1, మనీలా. అలీ, ఫ్రేజియర్ మూడోసారి. 14 రౌండ్లయ్యాయి, ఇంకొక్కటే మిగిలుంది. ఫ్రేజియర్ కళ్ళు దాదాపు మూసుకుపోయాయి, దెబ్బ ఎటునుంచి వస్తోందో కనపడట్లేదు. ఆడతానని మొత్తుకుంటున్నాడు. ఎడ్డీ ఫచ్ వద్దన్నాడు, ఆపేశాడు. అవతల మూలలో అలీ పరిస్థితి కూడా అంతంతమాత్రమే, ఆ ఒక్క రౌండు ఆడుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. ఛాంపియన్ షిప్ కంటే మనిషి కళ్ళు ముఖ్యమని మూడు నిమిషాల ముందు నిర్ణయించగలిగినవాణ్ణి నేను ట్రైనర్ అంటాను.

దీనికి ఎదురుగా అలీ ట్రైనర్ ఏంజెలో డండీని పెట్టండి. నాకు ఇష్టమైన మనిషి. 1964లో లిస్టన్ తో ఫైట్ మధ్యలో కళ్ళు మండి, గ్లోవ్స్ కోసెయ్యమని అలీ (అప్పటికింకా కాషియస్ క్లే) గోల పెడితే, కళ్ళు కడిగి బరిలోకి తోసినవాడు. ఆ తోపుడు లేకపోతే మనకి అలీ లేడు. అదే డండీ 1977 తర్వాత ఏం చేశాడు? అలీ కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఇక చాలు అని చెప్పి, వినకపోతే డాక్టర్ ఫెర్డీ పచెకో బయటికెళ్ళిపోయాడు. డండీ ఉండిపోయాడు. 1980లో ల్యారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు తిన్నాక ఆపించాడు. 1981లో బెర్బిక్ తో ఇంకొకటి కూడా అయింది. 1984లో పార్కిన్సన్స్ అని బయటపడింది. తనుంటే కనీసం ఫైట్ ఆపడానికైనా ఉంటానని డండీ అనుకుని ఉండొచ్చు. ప్రేమతోనే ఉండిపోయి ఉండొచ్చు. ఐనా అది మూడేళ్ళు ఆలస్యంగా వచ్చిన "కాదు".

ఇలా ఎందుకవుతుంది? నాకు తోచిన జవాబు చాలా మామూలుది. ట్రైనర్ కి జీతమిచ్చేది బాక్సరే. గెలుచుకున్నదాంట్లో పది శాతం అనేది మామూలు లెక్క. బాక్సర్ పేదవాడుగా ఉన్నప్పుడు ట్రైనర్ యజమాని, కోటీశ్వరుడయ్యేసరికి ట్రైనర్ నౌకరు. యజమాని తప్పులు దిద్దడమే నౌకరు పనైతే, ఆ నౌకరు ఎన్నాళ్ళుంటాడు? మనకి ద్రోణుడి కథ తెలుసుగా. అంత విద్య నేర్పినవాడు, నిండు సభలో ద్రౌపదిని ఈడ్చుకొస్తే నోరు మెదపలేదు. అస్త్రాలు తెలీకనా? తింటున్నది ఆ ఇంటి ఉప్పు కాబట్టి.

మన రంగంలో కూడా చూస్తూనే ఉన్నాం. ఒక పాత కంపెనీలో నాతో పాటు ఒక మహా ప్రోగ్రామర్ ఉండేవాడు, నిజంగానే దిట్ట. మొదట్లో అతని కోడ్ ని ఒక సీనియర్ లైను లైనూ రివ్యూ చేసి, ఎర్రగీతలు పెట్టేవాడు. రెండు రిలీజులు బ్రహ్మాండంగా వెళ్ళాక, "వాడికి రివ్యూ ఎందుకు, టైమ్ దండగ" అన్నారు. ఆ సీనియర్ ని వేరే ప్రాజెక్టుకి మార్చారు. ఏడాది తర్వాత ఒక అర్ధరాత్రి ప్రొడక్షన్ కూలిపోయింది. తప్పు చిన్నదే, కొత్తవాడెవడైనా చేస్తే పట్టుకునేదే. తిట్లన్నీ అతనికే పడ్డాయి. రివ్యూ తీసేసిన మేనేజర్ ని ఎవరూ ఏమీ అడగలేదు. టోక్యో గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

"ఇదంతా ట్రైనర్ ని ఆకాశానికెత్తడమే, కొట్టేది బాక్సర్ కదా" అనేవాళ్ళుంటారు. న్యాయమే. నేనూ రెండు ఉదాహరణలిస్తాను. 1986లో టైసన్ బెర్బిక్ ని చితక్కొట్టినప్పుడు బెర్బిక్ మూలన ఉన్నది సాక్షాత్తూ ఏంజెలో డండీ! ఏం చెయ్యగలిగాడు? రెండోది, టోక్యో వీరుడు డగ్లస్. తల్లి చనిపోయిన నెల తిరక్కుండా బరిలోకి దిగి, ఎనిమిదో రౌండులో పడి లేచి మరీ గెలిచాడు. ఎనిమిది నెలల తర్వాత పద్నాలుగు పౌన్లకి పైగా ఒళ్ళు పెంచుకుని 246 పౌన్లతో వచ్చి, హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులోనే పడుకున్నాడు. మనిషి అదే, చుట్టూ ఉన్నవాళ్ళూ దాదాపు వాళ్ళే. కాబట్టి ట్రైనర్ గెలిపిస్తాడని నేననను. ట్రైనర్ చెప్తాడు. వినడం బాక్సర్ వంతు. చెప్పేవాణ్ణి ఉంచుకుంటాడా లేదా అన్న దగ్గరే ఛాంపియన్ బతుకు తేలిపోతుంది అంటున్నాను.

దీనికి సాక్ష్యం ఇమాన్యుయెల్ స్టూవర్డ్. డెట్రాయిట్ లో క్రాంక్ జిమ్ నడిపినాయన. 1994లో లండన్ లో లెనక్స్ లూయిస్ ని ఆలివర్ మెకాల్ రెండో రౌండులో పడగొట్టాడు, మెకాల్ మూలన ఉన్నది స్టూవర్డ్. లూయిస్ ఏం చేశాడు? తనని పడగొట్టించిన ఆ మనిషినే తెచ్చి ట్రైనర్ గా పెట్టుకున్నాడు. నీ తప్పులన్నీ తెలిసినవాడి కంటే మంచి గురువెవడు? 2002లో మెంఫిస్ లో టైసన్ ని ఎనిమిదో రౌండులో పడగొట్టింది ఆ జంటే. ఇక వ్లాదిమిర్ క్లిచ్కో. స్టూవర్డ్ తో కలిసి ఆడిన మొదటి ఫైటే, 2004లో లామోన్ బ్రూస్టర్ చేతిలో ఓడిపోయాడు. మనమైతే మర్నాడే ట్రైనర్ ని మార్చేస్తాం. క్లిచ్కో మార్చలేదు. 2012లో స్టూవర్డ్ చనిపోయేదాకా ఆయనతోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన దగ్గరి శిష్యుడైన జొనాథన్ బ్యాంక్స్ ని పెట్టుకుని అదే పద్ధతిలో ఆడాడు. 2005 నుంచి 2015 నవంబర్లో టైసన్ ఫ్యూరీ దాకా ఓటమి లేదు.

పోల్చి చూడండి. గురువు చనిపోతే క్లిచ్కో కూడా గురువు లేనివాడే. ఆ పద్ధతి తెలిసినవాణ్ణి ఉంచుకున్నాడు, మూడేళ్ళు నిలబడ్డాడు. ఓడిపోయి ట్రైనర్ ని ఉంచుకున్నవాడు పదేళ్ళు ఏలాడు. 35 గెలిచి ట్రైనర్ ని తీసేసినవాడు ఏడాదిన్నరలో టోక్యో నేల మీద పాకుతూ, ఊడిపోయిన మౌత్ పీస్ కోసం వెతుక్కున్నాడు.

2024 నవంబర్లో టెక్సాస్ లో 58 ఏళ్ళ టైసన్ జేక్ పాల్ అనే యూట్యూబ్ కుర్రాడితో ఎనిమిది రౌండ్లు ఆడి ఓడిపోయాడు. ఆరోజు కూడా జనం "అయ్యో, కస్ చూస్తే ఏమనుకునేవాడో" అన్నారు. నలభై ఏళ్ళ కిందట పోయిన మనిషి ఏమనుకుంటే ఏం! ఆ వయసులో వద్దు అని చెప్పి, చెప్పినందుకు తన వాటా వదులుకునే మనిషి చుట్టుపక్కల ఒక్కడున్నాడా అని ఎవరూ అడగలేదు.

మా కుర్రాడికి ఇదంతా చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, "నువ్వు కస్ ని అర్థం చేసుకోలేదన్నా" అన్నాడు. పోనీలెండి, మొహమాటానికి తల ఊపలేదు, అదే సంతోషం. సాయంత్రం వాడి కోడ్ నా దగ్గరికి రివ్యూకి వచ్చింది. నాదీ వాడికి పంపాను, ఏమీ దాచకుండా రాయమన్నాను. పదకొండు తప్పులు పట్టాడు. అందులో తొమ్మిది నిజమే.

మీరేమంటారో చెప్పండి. కాదనిపిస్తే కాదనే రాయండి.